ఆకాశవార్త యెవరి సొత్తు?

బడంగ్‌పేట ప్రక్కనున్న నాదర్‌గుల్ విమానక్షేత్రము చిన్న విమానముల శిక్షణకు పేరుగాంచినది. దానికి కొలది మైళ్ల దూరమున, 2008వ సంవత్సరము మార్చిలో తెరువబడిన శంషాబాదు విమానాశ్రయమునకు మహావిమానములు వచ్చిపోవుచున్నవి. ఆకాశ మొక్కటే, సాధనసంపత్తి యొక్కటి కాదు. పెద్ద విమానమునందు మేఘములను పసిగట్టు రాడారును, ఎదురువచ్చు విమానమును గూర్చి హెచ్చరించు యంత్రమును గలవు. చిన్నదానియందు తరచుగా చోదకుని కన్నులే దిక్కు. ఈ యంతరమును తగ్గించు చౌక సాధన మొకటి నేడు లభ్యమగుచున్నను, అది మనకు సగమే యుపకరించుచున్నది. కారణ మేమి?

స్వయముగా విమానము నిర్మించుకొనుట మన దేశమున వట్టి కల కాదు. ముంబయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ తన యింటి మేడపై కూర్చిన విమానమునకు 2017లో ప్రభుత్వము నమోదుపత్ర మొసగినది. అట్టి నిర్మాతలకు తగిన పరికర మిది. నేటి విమానము లనేకము తమ స్థానమును, ఎత్తును, వేగమును 1090 మెగాహెర్ట్‌జ్‌పై తామే ప్రకటించుచుండును. దీనిని ఏడీఎస్‌-బీ యందురు. అరచేత నిముడు రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరును, చిన్న రేడియోను, ఏరియలును జతపరచి, స్ట్రాటక్స్ అను బహిరంగ ప్రణాళిక ననుసరించి రిసీవరు సిద్ధము చేయవచ్చును. లక్షలు గాక వేల రూపాయలతో పని ముగియును. ఏరియలు లోహపు రేకు చాటున నుండరాదు. పెట్టె దిక్సూచికి చేరువగా నుండరాదు. ఎండ తగులుచోట నుంచిన వేడెక్కి నిలిచిపోవచ్చును.

అమెరికాలో నీ పెట్టె వానను గూడ చూపును. ఏలయన, అచ్చటి ప్రభుత్వము 978 మెగాహెర్ట్‌జ్‌పై భూకేంద్రములనుండి రాడారు చిత్రములను, వాతావరణ సూచనలను రుసుము లేకయే ప్రసారము చేయుచున్నది. అదే పెట్టెను నాదర్‌గుల్‌కు దెచ్చిన, తమ యునికిని చాటు విమానములు కనబడును, వాన కనబడదు. లోపము యంత్రమున లేదు. చెవి యున్నది, చెప్పువారు లేరు.

మన మీ పని చేయజాలమా? 2017లో ఓఖీ తుపానువేళ, దూరసముద్రమున నున్న జాలరులకు హెచ్చరిక యందక ఘోరనష్టము గలిగినది. 2019 అక్టోబరులో జెమినీ యను పరికరము వెలువడినది. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ సమకూర్చు తుపాను హెచ్చరికలు, చేపలు దొరకు తావుల వివరములు గగన్ ఉపగ్రహముల మార్గమున దానికి జేరి, జాలరి సెల్‌ఫోనుపై కనబడును. విమానములకు దారి చూపుటకై పుట్టిన గగన్ పడవకు వాతావరణము చెప్పుచుండగా, చిన్న విమానమునకు చెప్పకుండుట యెట్టి న్యాయము?

పరికరమును మితిమీరి నమ్ముమని మేము చెప్పము. తెరపై చూపిన కాలముకంటె రాడారు చిత్రము 15 నుండి 20 నిమిషములు పాతదై యుండవచ్చునని 2012లో అమెరికా రవాణా భద్రతా మండలి హెచ్చరించినది. మన వేసవి సాయంకాలపు టురుముమేఘమునకు రూపు మార్చుకొనుట కాపాటి వ్యవధి చాలును. ముందుగానే మరలిపోవుట కది సాధనము. మేఘముల నడుమ సందు వెదకుటకు గాదు. అట్లే, ప్రకటింపని విమానము తెరపై నుండదు గాన, కన్నులకు విశ్రాంతి లేదు.

వాతావరణశాఖ రాడారులు ప్రజాధనముతో నిలిచినవి. వాని వార్త చిన్న చోదకునికి గూడ ఉచితముగ నందుట అనుగ్రహము గాదు, హక్కు. వాతావరణ, విమానయాన శాఖలు కలిసి, ముందుగా శిక్షణాక్షేత్రముల చెంతనైన నీ ప్రసారమును బ్రారంభింపవలెను. రిసీవరును పౌరుడు తానే కూర్చుకొనగలడు. ప్రసారము మాత్రము ప్రభుత్వమే చేయవలసియున్నది.