తెలుగుతీరమున వాయువురేవు ఏల లేదు?

శంషాబాదు విమానాశ్రయమునకు ఈశాన్యమున ఉన్న బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకొన్నవారికి ఆకాశమార్గము నిత్యపరిచయము. సముద్రము మాత్రము దూరపు చుట్టము. బందరు తీరము అక్కడికి మూడువందల కిలోమీటర్లకు పైమాటే. ఐనను అక్కడి ఆటోలో పోయించుకొను సి.ఎన్.జి. ధరలోను, ఆ చుట్టుప్రక్కల మిగిలిన పొలములలో చల్లు యూరియా ఖర్చులోను నేడు నడిసముద్రముమీది ఓడ యొకటి కంటికి కనిపించకుండ పాలుపంచుకొనుచున్నది. ఆ ఓడ తెచ్చునది ద్రవీకృత సహజవాయువు. ఎల్.ఎన్.జి. అను పొడి అక్షరములతో పత్రికలలో తరచు కనిపించునది ఇదియే.

మొదట ఒక పొరపాటును తొలగించుకొనవలెను. సిలిండరులో ఇంటికి వచ్చు వంటగ్యాసు వేరు, ఇది వేరు. వంటగ్యాసులో ఉండునవి ప్రొపేను, బ్యూటేను. వాటిని గదిలోని వేడిమియందే ఒత్తిడిచేత ద్రవముగా మార్చవచ్చును. సహజవాయువులో ముఖ్యాంశము మీథేను. దానిని సున్నకు దిగువ 82 డిగ్రీల సెంటిగ్రేడు దాటి చల్లార్చనిదే ఎంత ఒత్తినను ద్రవము కాదు. మామూలు గాలి ఒత్తిడిలోనే ద్రవముగా నిలువవలెనన్నచో సున్నకు దిగువ 162 డిగ్రీలవరకు చల్లార్చవలెను. అట్లు చల్లారినపుడు ఆరువందల బిందెల వాయువు ఒక్క బిందెడు ద్రవమై కూర్చుండును. ఈ వ్యాపారమంతయు ఆ ఆరువందలలోనే ఉన్నది. వాయువును వాయువుగా ఓడలో ఎక్కించినచో ఓడ కిరాయికైనను గిట్టదు.

చల్లార్చుటకు ముందు వాయువును శుభ్రము చేయవలెను. అందులోని నీటి ఆవిరియు బొగ్గుపులుసు వాయువును గడ్డకట్టి గొట్టములను మూసివేయును. పాదరసము లేశమాత్రమున్నను అల్యూమినియపు యంత్రభాగములను తినివేయును. శుభ్రపడి, చల్లారి, ద్రవమైన ఈ సరకును నేటి పెద్ద ఓడ యొకటి ఇంచుమించు 1,74,000 ఘనపు మీటర్లు మోయుచున్నది. బరువు చూచినచో అది డెబ్బదియైదువేల టన్నులకు అటునిటు. ఈ ద్రవము నీటిలో సగము బరువైనను లేదు. ఓడలోని తొట్లు మనము టీ పోసికొను ఫ్లాస్కు వంటివి. ఎంత కాపాడినను బయటి వేడి కొంత లోపలికి చొచ్చుకొనిపోయి, ప్రతిదినము కొంత ద్రవము మరిగి ఆవిరియగును. ఆ ఆవిరినే ఓడ తన యంత్రమునకు ఇంధనముగా వాడుకొనును.

టెర్మినలు అనగా ఈ ఓడ వచ్చి నిలుచు రేవు. అక్కడ జరుగు పని ద్రవీకరణమునకు తలక్రిందులు. లోతైన నీటిలోనికి కట్టిన వంతెన చివర ఓడ ఆగును. మోచేతులవలె వంగు ఉక్కుగొట్టములను దానికి తగిలించి, ఇంచుమించు ఒక దినములో సరకునంతయు ఒడ్డుననున్న తొట్లలోనికి తోడుదురు. ఆ తొట్టికి రెండు గోడలు. లోపలిది నూటికి తొమ్మిదిపాళ్లు నికెలు కలిసిన ఉక్కు, బయటిది కాంక్రీటు, నడుమ చలిని కాపాడు పెర్లైటు పొడి. నికెలు ఏల? అంతటి చలిలో మామూలు ఉక్కు గాజువలె పెళుసుబారి పగులును. ఈ పాఠమును లోకము చాల విలువ చెల్లించి నేర్చుకొన్నది. 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండు నగరములో అటువంటి తొట్టి పగిలి, ద్రవము వీధికాలువలలోనికి పారి, అంటుకొని, 130 మంది దరిదాపుల మరణించిరి. యుద్ధకాలమున నికెలు కరవై, ఆ తొట్టి ఉక్కులో నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే కలిపిరి.

తొట్టిలోనుండి పంపులు ద్రవమును పైకి తోడి, ఒత్తిడి పెంచి, వేడిచేయు యంత్రములలోనికి పంపును. వేడిచేయుట అనగా పొయ్యి వెలిగించుట కానక్కరలేదు. సున్నకు దిగువ 162 డిగ్రీలున్న వస్తువునకు సముద్రపు నీరే సలసల కాగు నీరు వంటిది. పలు రేవులలో సముద్రజలమును గొట్టములమీదుగా జారవిడిచి ద్రవమును వాయువుగా మార్చుదురు. కొన్నిచోట్ల గాలి వేడిమినే వాడుదురు. తొట్లలో మరిగిన ఆవిరిని కూడ వృథా పోనీయక కుదించి, మరల ద్రవములో కలుపుదురు. మీథేనుకు వాసన లేదు. కారినచో తెలియుటకై మెర్కాప్టను అను దుర్గంధద్రవ్యమును కొంచెము చేర్చి ఊళ్లలోని గొట్టములకు వదలుదురు.

ఓడలో ద్రవవాయువు తొలిసారి సముద్రము దాటినది 1959లో. మీథేన్ పయనీర్ అను ఓడ అమెరికాలోని లూసియానానుండి బ్రిటనులోని కాన్వీ ద్వీపమునకు దానిని చేర్చినది. 1964లో అల్జీరియానుండి బ్రిటనుకు క్రమమైన వ్యాపారము సాగినది. 1969లో జపాను అలాస్కా వాయువును కొనుట ప్రారంభించినది. 2024 నాటికి ప్రపంచ వ్యాపారము ఏటా 41 కోట్ల టన్నులకు చేరినది. 2016 వరకు ఈ సరకును లెక్కింపదగినంత అమ్మని అమెరికా 2023లో ఖతారును, ఆస్ట్రేలియాను దాటి ప్రథమస్థానమును అందుకొన్నది. గిరాకీ పెరిగినట్లే ధరకు నిలకడ తగ్గినది. పది లక్షల బి.టి.యు. వేడినిచ్చు వాయువు ఆసియా విపణిలో 2020 ఏప్రిలులో రెండు డాలర్లకన్న తక్కువకు పలికినది. ఉక్రెయిను యుద్ధము వచ్చిన 2022లో అరువది డాలర్లు దాటినది. ఏ సరకు ధరయైనను రెండేండ్లలో ముప్పదిరెట్లు ఎగిరినచో దానిమీద ఆధారపడిన సంసారము ఎట్లుండునో చెప్పనక్కరలేదు.

భారతదేశమునకు మొదటి ద్రవవాయువు రేవు 2004లో గుజరాతులోని దహేజ్ వద్ద పెట్రోనెట్ సంస్థ ప్రారంభించినది. ఏటా 50 లక్షల టన్నులతో మొదలిడి 1.75 కోట్ల టన్నుల శక్తికి పెరిగినది. తరువాత హజీరా, దభోల్, కొచ్చి, ముంద్రా వచ్చినవి. తూర్పుతీరమున 2019లో చెన్నపట్టణము చెంత ఎన్నూరు, 2023లో ఒడిశాలోని ధామ్రా. పటము తీసి చూచినచో ఎన్నూరునకు ధామ్రాకు నడుమ వేయి కిలోమీటర్ల తెలుగుతీరము ఖాళీగా కనిపించును.

విచిత్రమేమనగా, ఆ ఖాళీతీరము క్రిందనే వాయువు ఉన్నది. కృష్ణా గోదావరి సముద్రగర్భమున రిలయన్స్ సంస్థ 2002లో కనుగొన్న నిక్షేపమునుండి 2009 ఏప్రిలులో వాయువు రాసాగినది. దినమునకు 8 కోట్ల ఘనపు మీటర్లు వచ్చునని అంచనా. 2010లో 6 కోట్ల దరిదాపులకు చేరి, ఆపైన వేగముగ క్షీణించినది. అంచనాను నమ్మి గోదావరి జిల్లాలలో విద్యుత్కేంద్రములు వరుసగా లేచినవి. శంషాబాదు విమానాశ్రయమును నిర్మించి 2008లో ప్రారంభించిన జి.ఎం.ఆర్. సంస్థయే వేమగిరిలో 388 మెగావాట్ల కేంద్రమును, దాని చెంత 768 మెగావాట్ల మరియొక కేంద్రమును నెలకొల్పినది. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కర్మాగారము తలపెట్టబడినది. 2013 మార్చినుండి ఆ క్షేత్రపు వాయువు విద్యుత్కేంద్రములకు పూర్తిగా ఆగిపోయినది. సామర్లకోట కేంద్రము ఒక్క యూనిటైనను ఉత్పత్తి చేయలేదు. దాని యంత్రములలో కొన్ని బంగ్లాదేశమునకు తరలిపోయినవి.

సొంత వాయువు తగ్గినపుడు ఓడ వాయువు గుర్తుకు వచ్చుట సహజము. 2012 మొదలు కొన్ని సంవత్సరములపాటు రెండు రేవుల ముచ్చట సాగినది. గంగవరములో 50 లక్షల టన్నుల టెర్మినలు కట్టుటకు పెట్రోనెట్ ఒప్పుకొన్నది. కాకినాడకు ఎదురుగా సముద్రములోనే ఓడను లంగరువేసి, దానిమీదనే ద్రవమును వాయువుగా మార్చు తేలు టెర్మినలుకై గెయిల్‌తోను విదేశీ సంస్థలతోను రాష్ట్ర వాయుసంస్థ ఒప్పందములు చేసికొన్నది. రెండును కాగితము దాటలేదు. పెట్రోనెట్ దృష్టి తరువాత ఒడిశాలోని గోపాలపురమునకు మళ్లినది.

దీనిని రాజకీయపు అశ్రద్ధ అనుకొనువారు కలరు. కొంత ఉండవచ్చును, కాని అసలు కారణము అంకగణితమున ఉన్నది. విద్యార్థులే వేసి చూడవచ్చును. మంచి వాయు విద్యుత్కేంద్రమునకు ఒక్క యూనిటుకు ఇంచుమించు ఏడువేల బి.టి.యు. కావలెను. పది లక్షల బి.టి.యు.కు పది డాలర్లైనచో యూనిటుకు ఏడు సెంట్లు. డాలరును 85 రూపాయలుగా తీసికొన్నచో ఆరు రూపాయలు. ఇది ఇంధనపు ఖర్చు మాత్రమే. రేవు కిరాయి, గొట్టపు కిరాయి, పన్నులు, యంత్రముల అప్పుపై వడ్డీ ఇందులో లేవు. సూర్యరశ్మి విద్యుత్తు యూనిటు మూడు రూపాయలలోపు దొరకు కాలమున విద్యుత్ పంపిణీసంస్థ ఏడాది పొడుగున దీనిని కొనునా? 2015లో కేంద్రప్రభుత్వము ఒక ఉపాయము పన్నినది. దిగుమతి వాయువుతో నడుచుటకు ఏ కేంద్రము తక్కువ సాయము కోరునో వేలములో తేల్చి, దానికి సాయమిచ్చినది. 2017 మార్చితో పథకము ముగిసినది. యంత్రములు మరల నిద్రపోయినవి. దేశమున ఆనాడు వాయువు లేక నిలిచిన కేంద్రముల శక్తి 14,305 మెగావాట్లని ప్రభుత్వపు లెక్క. వాటికి అప్పిచ్చినవి బ్యాంకులు. బ్యాంకులలోని సొమ్ము ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

రేవు కట్టినంతమాత్రమున కష్టము తీరదనుటకు కొచ్చియే నిదర్శనము. 2013లో అక్కడ 50 లక్షల టన్నుల రేవు సిద్ధమైనది. వాయువును మంగళూరునకు చేర్చు గొట్టము భూసేకరణ చిక్కులలో పడి 2021 జనవరికి గాని పూర్తికాలేదు. అంతవరకు ఆ రేవు తన శక్తిలో చాల స్వల్పభాగమునే వాడుకొన్నది. ఇంటిముందు పెద్ద గేటు పెట్టి వెనుక ఇల్లు కట్టుట మరచినట్లు.

తెలుగుదేశమున గొట్టము ఉన్నది. కాని అది వెలుపలికి పోవు దారిగా పుట్టినది. గాడిమొగనుండి తెలంగాణముమీదుగా గుజరాతులోని భరూచివరకు సుమారు 1,400 కిలోమీటర్ల మార్గము గోదావరి వాయువును పడమటికి చేరవేయుటకు వేసినది. ఒక విధముగ ఇదియే మనకు రేవులేని లోటును కొంత పూడ్చుచున్నది. పడమటితీరమున దిగిన ద్రవవాయువును అక్కడివారికే ఇచ్చి, వారికి పోవలసిన గోదావరి వాయువును ఇక్కడ నిలుపుకొనవచ్చును. చేబదులు బియ్యమువలె, ఇచ్చిన గింజయే తిరిగి రానక్కరలేదు, కొలత సరిపోవలెను. 2023 ఏప్రిలునుండి దేశపు ముఖ్య గొట్టములకు ఏకీకృత కిరాయి వచ్చుటవలన రేవునకు దూరముగా ఉన్న ఊళ్లమీది భారము కూడ కొంత తగ్గినది.

ఈ వాయువు ఎవరికి నిజముగ కావలెనో రామగుండము చెప్పును. బొగ్గుతో నడచిన పాత ఎరువుల కర్మాగారము 1999లో మూతబడినది. అదేచోట వాయువుతో నడచు కొత్తది 2021లో మొదలైనది, ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దాని శక్తి. మీథేనులోని ఉదజనిని గాలిలోని నత్రజనితో కలిపి అమోనియా చేయుదురు, దానినుండి యూరియా. ఇచ్చట వాయువు ఇంధనము మాత్రమే కాదు, ముడిసరకు కూడ. సూర్యరశ్మి దాని స్థానమును నేరుగా తీసికొనలేదు. మల్లవరమునుండి వచ్చు గొట్టము దానికి ఆధారము. ఐనను ఆ కర్మాగారము ఓడలకు అతీతము కాదు. 2015నుండి దేశములోని యూరియా కర్మాగారములకు స్వదేశి వాయువును దిగుమతి వాయువును కలిపి ఒకే సగటు ధర కట్టుచున్నారు. ఓడ సరకు ధర పెరిగిన, రామగుండపు ఖర్చును పెరుగును. రైతు మాత్రము 45 కిలోల బస్తాకు, వేపపూత ఖర్చు, పన్నులు కాక, 242 రూపాయలే ఇచ్చును. నడుమనున్న తేడా ప్రభుత్వపు ఖజానాది.

కావున తెలుగుతీరమునకు రేవు కావలెనా అను ప్రశ్నకన్న, ఏ వాడకమునకు కావలెనను ప్రశ్న ముందు వచ్చును. నిద్రించు విద్యుత్కేంద్రములను నమ్ముకొని కట్టు రేవు వాటితోపాటే నిద్రించును. ఎరువులు, వాహనములు, ఇంటింటి గొట్టములు ధర హెచ్చినను వెంటనే విడిచిపోని గిరాకీ; కాని అది నెమ్మదిగ పెరుగును. 2022 నవంబరులో విశాఖపట్టణమున ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన 745 కిలోమీటర్ల శ్రీకాకుళము–అంగుల్ గొట్టము ఒడిశా దిక్కునుండి వాయువు దిగివచ్చుటకు దారి. దానిని కాకినాడ వైపునకు కలుపుట కొత్త రేవుకన్న ముందు జరుగవలసిన పని.

దీర్ఘకాలపు ఒప్పందములు లేని రేవు ఏనాటికానాటి సంతబేరముమీద బ్రతుకవలసివచ్చును. పెట్రోనెట్ 2024 ఫిబ్రవరిలో ఖతారుతో 2028నుండి 2048వరకు ఏటా 75 లక్షల టన్నులకు ఒప్పందము చేసికొన్నది. ఆ ఓడలు హోర్ముజ్ జలసంధి దాటియే రావలెనన్నది మరువరాదు. కాకినాడవంటి చోట తేలు టెర్మినలు చౌకయని, త్వరగా వచ్చునని చెప్పుదురు. నిజమే, 2022లో జర్మనీ విల్హెల్మ్స్‌హాఫెన్ రేవులో కొద్దినెలలలోనే అట్టిదానిని నిలిపినది. ఐతే ఆ ఓడ సాధారణముగ అద్దెకు తెచ్చునది. సరకు దిగిన దినమునకును, ఊరక లంగరు వేసికొని ఊగిన దినమునకును అద్దె ఒక్కటే. ఆ అద్దె ఎవరి బిల్లులో చేరునో ఒప్పందముమీద సంతకము పడకముందే బడంగ్‌పేట్‌లోని వినియోగదారునకు సైతము తెలియునట్లు ప్రకటింపవలెను.