షేర్డ్ ఫోల్డర్‌లో డిలీట్ కొట్టారా? రీసైకిల్ బిన్‌లో వెతకడం ఆపండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి టౌన్లలో ఏ ఫొటో స్టూడియోలోనైనా "సర్వర్" అంటే చాలాసార్లు మూలన పెట్టిన ఒక పాత పీసీనే. అందులో ఒక ఫోల్డర్ షేర్ చేసి, మిగతా రెండు మూడు సిస్టమ్స్‌లో ఆల్బమ్ డిజైన్ చేస్తుంటారు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ ఒక్క ఫోల్డర్ మీద నలుగురి చేతులుంటాయి. కెమెరా కార్డులేమో తర్వాతి పెళ్లి కోసం అప్పటికే ఫార్మాట్ అయిపోయి ఉంటాయి. అప్పుడు ఎవరో ఒకరు పొరపాటున డిలీట్ కొడతారు. తలంబ్రాలు మళ్లీ పోయించి ఫొటోలు తీయలేం కదా!

చాలామందికి తెలియని విషయం: నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డిలీట్ చేసిన ఫైల్ మామూలుగా మీ పీసీ రీసైకిల్ బిన్‌లోకి రాదు, సర్వర్ పీసీ బిన్‌లోకీ పోదు. శాశ్వతంగా తీసేయాలా అని విండోస్ అడుగుతుంది. రోజూ చూసే బాక్సే కదా అని ఎంటర్ కొట్టేస్తాం.

అలా జరిగితే ముందు అందరూ ఆ డ్రైవ్‌లోకి కాపీ చేయడం ఆపాలి. రెకువా లాంటి సాఫ్ట్‌వేర్ మీ ల్యాప్‌టాప్‌లో వేసుకుని షేర్డ్ డ్రైవ్‌ని స్కాన్ చేస్తానంటే కుదరదు, దానికి అసలు డిస్క్ కావాలి. సర్వర్ పీసీ దగ్గరే కూర్చుని పెన్‌డ్రైవ్ నుంచి రన్ చేయండి, దొరికినవి వేరే డిస్క్‌లో సేవ్ చేయండి. హార్డ్‌డిస్క్ అయితే ఛాన్స్ ఉంది. ట్రిమ్ ఆన్‌లో ఉన్న ఎస్‌ఎస్‌డీ అయితే పెద్దగా ఆశ పెట్టుకోకండి.

నా అభిప్రాయం ఏంటంటే, రికవరీ సాఫ్ట్‌వేర్ కొనడం కంటే ముందే ఒక సెట్టింగ్ ఆన్ చేసుకోవడం మేలు. సైనాలజీ నాస్‌లో షేర్డ్ ఫోల్డర్‌కి రీసైకిల్ బిన్ ఆన్ చేస్తే #recycle అనే ఫోల్డర్ వస్తుంది, క్యూనాప్‌లో అయితే @Recycle. లినక్స్ సాంబాలోనూ రీసైకిల్ మాడ్యూల్ ఉంది. విండోస్ సర్వర్‌లో షాడో కాపీలు పెట్టుకోవచ్చు. కానీ వాటి డిఫాల్ట్ షెడ్యూల్ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7కి, మధ్యాహ్నం 12కి మాత్రమే. ఒంటిగంటకు కాపీ చేసి నాలుగింటికి డిలీట్ చేసిన ఫైల్ అందులో ఉండదు. ఆదివారం పెళ్లి సంగతి చెప్పక్కర్లేదు.

ఇక "రెయిడ్ ఉంది, భయం లేదు" అనే మాట వింటే నాకు చిరాకు. రెయిడ్ 1లో ఒక డిస్క్‌లో పోయిన ఫైల్ రెండో దాంట్లోనూ అదే క్షణంలో పోతుంది. అది డిస్క్ చెడిపోతే కాపాడుతుంది, చెయ్యి జారితే కాదు. అంతెందుకు, 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్ స్టోరేజ్‌లో బ్యాకప్ స్క్రిప్టే తేడా కొట్టి సుమారు 77 టీబీ డేటా ఎగిరిపోయింది.

నాస్ రివ్యూల్లో స్పీడ్ టెస్టులకు నాలుగు పేరాలు, స్నాప్‌షాట్‌కి ఒక్క లైను ఉంటోంది. అది తిరగబడాలి. స్నాప్‌షాట్లు అన్ని మోడల్స్‌లో రావు. సైనాలజీ కొంటుంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సపోర్ట్ ఉందో లేదో షాపులోనే అడగండి. ఒరిజినల్స్ ఫోల్డర్‌ని డిజైనర్లకు రీడ్-ఓన్లీగా ఇవ్వండి, దానికి రూపాయి ఖర్చు లేదు.