మూడు ఓట్ల న్యాయం

మాతృభాష మాట వస్తే చాలు, ప్రాగ్ విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా చూపేవాళ్లు మనలో కొందరున్నారు. 1409లోనే చెక్కులు పరభాషవాళ్ల పెత్తనం వదిలించుకున్నారట, మనమూ అంత పట్టుదల చూపాలట! మెచ్చుకునే ముందు అక్కడ జరిగిందేమిటో చూడవద్దా?

చెక్ దేశంలో అంతకన్నా పాత విశ్వవిద్యాలయం లేదు. 1348 ఏప్రిల్ 7న నాలుగో చార్లెస్ రాజు దానికి శాసనమిచ్చాడు. అక్కడి గురుశిష్యులు బొహీమియా, బవేరియా, శాక్సనీ, పోలెండు అని నాలుగు ‘జాతులు’. జాతికొక ఓటు. ఆ జాతి ఏ ప్రాంతం నుంచి వచ్చాడన్నదాన్ని బట్టే గాని భాషను బట్టి కాదు. బొహీమియా జాతిలో జర్మన్ మాట్లాడేవాళ్లూ ఉండేవారు. పాఠాలన్నీ లాటిన్‌లోనే.

1409 జనవరి 18న వెన్సెస్లాస్ రాజు ఆ లెక్క తిరగరాశాడు. బొహీమియాకు మూడు ఓట్లు, తక్కిన మూడు జాతులకూ కలిపి ఒకటి! చెక్ భాష మీద ప్రేమతోనా? కాదు. అప్పట్లో రోములో ఒక పోపు, అవిన్యోలో ఒక పోపు. ఇద్దరికీ దూరంగా ఉండాలని రాజు ఎత్తు. దానికి వంత పాడింది బొహీమియా జాతి ఒక్కటే. సొంతగడ్డ మీద మాకు నాలుగో వంతేనా అని యాన్ హుస్ పక్షంవాళ్లు పడ్డ బాధ నిజమే, కాదనను. కాని ఫలితం? వందలమంది జర్మన్ గురుశిష్యులు మూటాముల్లె సర్దుకుని పోయారు. ఆ ఏడే లైప్‌జిగ్‌లో కొత్త విశ్వవిద్యాలయం పుట్టింది. ప్రాగ్‌లో పాఠం మళ్లీ లాటిన్‌లోనే. చెక్కులకు ఓట్లు దక్కాయి, చెక్ భాషకు పాఠం దక్కలేదు.

తరతరాలుగా పరభాషా రాష్ట్రాల్లో కాపురముంటున్న మనం ఈ లెక్కకు చప్పట్లు కొట్టడమేమిటి? మనమున్నచోట ఇలాంటి పంపకం జరిగితే మన చేతికొచ్చేది ఆ ఒక్క ఓటే కదా, అదీ ముగ్గురితో కలిపి!

మెచ్చుకోదలిస్తే 1882ను మెచ్చుకోండి. అంతకు ముందు, 1784లో, లాటిన్‌ను తీసి జర్మన్‌ను పెట్టారు. చెక్కులు తమ ఊళ్లోనే పరాయివాళ్లయ్యారు. 1882లో విశ్వవిద్యాలయాన్ని చెక్, జర్మన్ అని రెండు చేశారు. ఎవరినీ వెళ్లగొట్టలేదు. చెక్ శాఖలో మసారిక్ పాఠం చెప్పాడు, జర్మన్ శాఖలో 1911–12లో ఐన్‌స్టీన్ చెప్పాడు. అదే నా దృష్టిలో అసలు విజయం.

అది నిలవలేదు. చార్లెస్‌కు అసలు వారసులు చెక్కులేనని 1920లో చట్టం చేశారు. పాత రాజదండాలూ ముద్రలూ అప్పగించాలని 1934లో పట్టుబట్టారు, వీధుల్లో కొట్లాటలయ్యాయి. 1939 నవంబరు 17న నాజీలు చెక్ కళాశాలలన్నీ మూసేశారు. తొమ్మిదిమందిని చంపి, 1,200 మందికి పైగా విద్యార్థులను నిర్బంధ శిబిరానికి తోలారు. ఆ ఘోరానికి దేన్నీ సాటి చెప్పను. 1945లో జర్మన్ విశ్వవిద్యాలయం రద్దయింది. అంత కొట్లాడి తెచ్చుకున్న రాజదండాలు ఆ ఏడే మాయమయ్యాయి. ఇప్పటికీ దొరకలేదు.