చూపు లేనివాళ్ళ ఫోనుకి మీ జీవో ఒట్టి "ఫోటో"

ముందు ఒక పని చెయ్యండి. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అక్కడ టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యండి. (ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. కంగారు పడకండి.) ఇప్పుడు కళ్ళు మూసుకుని, మీ ఊరి వాట్సాప్ గ్రూపులో ఈమధ్య వచ్చిన ప్రభుత్వ ప్రకటన ఏదైనా తెరవండి. పింఛనుదో, సదరం క్యాంపుదో, పోడు పట్టాలదో. చాలాసార్లు మీకు వినబడేది "ఫోటో" అన్న ఒక్క ముక్కే.

చూపు లేని మనిషికి ఫోనే కళ్ళు. కానీ ఆ ఫోను చదవాలంటే తెర మీద అక్షరాలు అక్షరాలుగా ఉండాలి. కాగితం మీద సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, దాన్ని ఫోటో తీసి పెడితే అది బొమ్మ అవుతుంది. తెలుగుకి ఇంకో తిప్పలు కూడా ఉంది. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లతో కొడతారు. మన కంటికి అది తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. టాక్‌బ్యాక్ దాన్ని చదివితే ఏ భాషో అర్థం కాదు. అదే నోటీసు యూనికోడ్‌లో కొట్టి, అక్షరాలుగానే పంపితే అదనంగా ఒక్క రూపాయి ఖర్చవదు.

"కొండ మీద సిగ్నలే లేదు, ఇక గుడ్డోళ్ళకి వెబ్‌సైటేంటి?" అనేవాళ్ళున్నారు. మన వాళ్ళలోనూ ఉన్నారు. సిగ్నల్ లేకపోవడం నిజమే. కానీ పనులన్నీ ఫోనులోకి ఎక్కించింది మనం కాదు కదా. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా అయింది, పార్వతీపురం, సీతంపేట ఐటీడీఏలు రెండూ ఇందులోనే ఉన్నాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. సదరం పరీక్షకి వెళ్ళాలన్నా ముందు ఆన్‌లైన్లో స్లాట్ పడాలి. అంటే నాకు చూపు లేదని నిరూపించుకోవడానికి ఎక్కే మొదటి మెట్టే చూపున్నవాళ్ళ కోసం కట్టింది. ఆ మెట్టు ఎక్కడానికి పక్కింటి కుర్రాడి చేతిలో ఆధార్ పెట్టాలి, ఓటీపీ చెప్పాలి, ఒక్కోసారి ఏటీఎం కార్డూ ఇవ్వాలి. కుర్రాడు మంచివాడైతే సరే. కాకపోతే?

ఇక సిగ్నల్ సంగతి. నాలుగు స్కాన్ పేజీల పీడీఎఫ్ గుమ్మలక్ష్మీపురం పైన తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. అదే సమాచారం అక్షరాల్లో ఉంటే ఒక్క గీత సిగ్నల్‌లో కూడా దిగుతుంది. చూపు లేనివాళ్ళకి ఏది కావాలో కొండకీ అదే కావాలి. వీళ్ళకోసం వేరే ఖర్చు అనే మాట ఇక్కడ చెల్లదు.

భాష దగ్గర మాత్రం సమస్య నిజంగా పెద్దది. ఫోనుతో వచ్చే టాక్‌బ్యాక్ గొంతు తెలుగు చదువుతుంది. సవర చదవదు, కువి చదవదు. సవర భాష కోసం మన్యం తిరిగిన గిడుగు రామమూర్తి మలేరియాకి క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన కష్టపడి ఆ భాషకి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మాంగేయి గొమాంగో 1936లో తయారుచేసిన సొరాంగ్ సోంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అక్షరం ఉంది, దాన్ని పలికే గొంతే లేదు. తెలుగు చదవడం రాని, చూపు తగ్గిన సవర ముసలమ్మకి ఏ యాప్ పనికొస్తుంది? ఆమెకి కావాల్సింది సొంత భాషలో రికార్డు చేసిన రెండు నిమిషాల ఆడియో. సవర, జాతాపు యువకులు సచివాలయాల్లోనే ఉన్నారు, ఆ పని వాళ్ళకి అప్పజెప్పి జీతంతో చేయించండి. కంపెనీలు ఎప్పుడో యంత్రం గొంతు తయారుచేసే దాకా ఆగక్కర్లేదు.

చెవిటివాళ్ళ సంగతి ఇంకా ఎవరూ తలవరు. అధికారుల వీడియోలకి కింద అక్షరాలుండవు, సైగల భాష ఉండదు.

ఇదంతా దయ అడగడం అనుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, ఆడియో అయినా, అచ్చు అయినా, ఎలక్ట్రానిక్ అయినా సమాచారం వికలాంగులకి అందేలా ఉండాలంటుంది. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉంది, మన కొండల్లో ఆ జబ్బు ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. చట్టానికి రాసిన నిబంధనలు పాటిస్తే పాటించండి అన్నట్టు ఉన్నాయని, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మూడు నెలల్లో కొత్తవి రాయమంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇంకా ముందుకెళ్ళింది. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్న మనిషిని కేవైసీ కోసం కన్ను ఆర్పమంటే ఎలా ఆర్పుతారు? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, కోర్టు 20 ఆదేశాలిచ్చింది. కన్ను ఆర్పడానికి బదులు వేరే దారి పెట్టాలి, కాగితం మీద చేసే కేవైసీ ఉంచాలి, యంత్రం కాదన్న దరఖాస్తుని మనిషి మళ్ళీ చూడాలి అని అందులో ఉంది.

నన్నడిగితే ఈ చివరి రెండే మన జిల్లాకి ప్రాణం. యాప్ ఎంత బాగున్నా కౌంటర్ మూసెయ్యకూడదు. వేలిముద్ర పడలేదు, ముఖం పట్టలేదు, ఓటీపీ రాలేదు అని వెనక్కి పంపిన ప్రతి మనిషి పేరు ఒక రిజిస్టర్లో రాయాలి. ఏ కారణంతో, ఏ తేదీన, ఎవరు పంపారో కూడా ఉండాలి. ఆ రిజిస్టర్ గ్రామసభ ముందు పెట్టాలి. ఆ పుస్తకం లేనంతకాలం "మా దగ్గర ఫిర్యాదులే లేవు" అని వాళ్ళు చెబుతూనే ఉంటారు.

పార్వతీపురం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్ ఉంటుంది. ఈసారి వెళ్ళేటప్పుడు మీ ఊళ్ళో చూపు లేనివాళ్ళని, వినికిడి లేనివాళ్ళని వెంట తీసుకెళ్ళండి, వాళ్ళ చేతే అర్జీ ఇప్పించండి. అర్జీలో మూడు మాటలు చాలు. నోటీసు అక్షరాల్లో కావాలి, సవరలో, కువిలో ఆడియో కావాలి, వెనక్కి పంపినవాళ్ళ రిజిస్టర్ కావాలి. రశీదు తీసుకోండి. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయండి, విచారణలో ఆయనకి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆ రశీదు ఫోటో ఇక్కడ పెట్టేటప్పుడు, అందులో ఏముందో కింద నాలుగు లైన్లలో టైప్ చేసి పెట్టండి.