ఖాళీ బస్సు సాకు

2025 దసరాకు 7,754 ప్రత్యేక బస్సులు నడుపుతామన్న తెలంగాణ ఆర్టీసీ యాజమాన్యం, వాటిలో ఒకటిన్నర రెట్లు చార్జీ వసూలు చేయడాన్ని మళ్లీ సమర్థించుకుంది. ఊళ్లో జనాన్ని దించిన బస్సు ఖాళీగా తిరిగి వస్తుందట. ఆ డీజిల్ ఖర్చు రాబట్టుకోవడానికే ఈ ఏర్పాటట. 2003 నాటి జీవో 16 అందుకు వీలిస్తోందట. సంస్థకు ఆర్థిక ఇబ్బందులున్నమాట నిజం, పండగపూట ప్రైవేటు ట్రావెల్స్ దోపిడీ ఇంతకన్నా ఘోరమన్నదీ నిజం. కానీ ఖాళీ బస్సు వాదన హైదరాబాద్-మెదక్ దారిలో ఒక్క కిలోమీటరు కూడా నడవదు.

సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి మెదక్ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున బయల్దేరిన బండి మధ్యాహ్నానికి మళ్లీ సిటీలో ఉండొచ్చు. రాత్రంతా నడిచి రాష్ట్రం దాటే బస్సు లెక్కనే దీనికీ వేస్తారా? పోనీ, ఖాళీగానే వచ్చిందనుకుందాం. యాభై సీట్ల బస్సులో డెబ్బై అయిదు మందిని కుక్కితే, మామూలు చార్జీకే ఒకటిన్నర బస్సుల రాబడి. దాని మీద మరో యాభై శాతం వేస్తే రెండుంబావు బస్సుల డబ్బు. రానూపోనూ ప్రతి సీటూ నిండినా రెండు బస్సుల రాబడే కదా! నిండుగా తిరిగినా రానంత ఆదాయాన్ని ఖాళీ పేరు చెప్పి ఒక్క ట్రిప్పులో లాగుతున్నారు. గంటల తరబడి రాడ్డు పట్టుకుని నిలబడ్డవాడు తన టికెట్టే కాక, బస్సెక్కని మనిషి టికెట్టులో సగం కూడా కొంటున్నాడు.

డీజిల్ అన్నారు గనక అదీ చూద్దాం. టికెట్ ధరలో జీతాలు, టైర్లు, స్పేర్ పార్టులు, పన్నులు అన్నీ ఉంటాయి. వట్టి డీజిల్ కోసం మొత్తం చార్జీలో సగం ఎందుకు? పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలది మహాలక్ష్మి పథకం కింద సున్నా టికెట్. ప్రత్యేక బస్సుల్లో వారి తరఫున ప్రభుత్వం కట్టేదీ ఒకటిన్నర రెట్లేనా? టికెట్లన్నీ కండక్టర్ చేతిలోని టికెట్ మిషన్ నుంచే వస్తున్నాయి, ప్రతి ట్రిప్పు రాబడీ డిపోకు తెలుసు. నష్టం నిజమైతే ఆ లెక్కలు దాచుకోవడం దేనికి?

పైగా ఆ జీవో పుట్టిన నాటి మెదక్ వేరు. అప్పుడు కలెక్టరేట్ సంగారెడ్డిలో ఉండేది. పట్నం పోయినవారు పండగకో పబ్బానికో ఊరొచ్చేవారు. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా కేంద్రమైంది. ఇప్పుడు సిటీ నుంచి ఇటు ఉద్యోగులు వస్తున్నారు, ఇటు నుంచి మేడ్చల్, బాలానగర్‌లకు కార్మికులు, విద్యార్థులు పోతున్నారు. బస్టాండులో వినిపించే మాటలూ మారాయి: ఆఖరి బస్సు ఎన్నింటికి, పాసు ధర అంత ఎందుకు పెంచారు, నిలబడటానికైనా చోటుందా. బియ్యం, కరెంటు బిల్లు పక్కన బస్సు ఖర్చూ చేరింది. నెలనెలా ఆర్టీసీని పోషిస్తున్న ఈ జనాన్ని సద్దుల బతుకమ్మ నాడు ఏడాదికోసారి తగిలిన గిరాకీలా చూడటం సిగ్గుచేటు.

పోనీ రైలెక్కుదామా అంటే, అక్కన్నపేట నుంచి 17.2 కిలోమీటర్ల లైను వేసి 2022 సెప్టెంబరు 23న మెదక్‌కు రైలు తెచ్చారు. కాచిగూడ ప్యాసింజర్ టికెట్ దసరాకూ అదే ధర. అయితే ఇక్కడి రైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. జనానికి మరో దారి లేకపోవడమే ఆర్టీసీ ధైర్యం.

నూట యాభై కిలోమీటర్లలోపు ప్రత్యేక బస్సులను జీవో 16 నుంచి తప్పిస్తూ రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ వెంటనే ఉత్తర్వు ఇప్పించాలి. 2025లో తిరుగు ప్రయాణాల రద్దీకి అక్టోబరు 5, 6 తేదీల్లోనూ ఇదే వడ్డన పెట్టారు. కనీసం వచ్చే దసరాలోగానైనా ఆ ఉత్తర్వు డిపోలకు చేరాలి.