రాసినవాడి పేరు లేని పుస్తకం మనకెందుకు?

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిగ్గా చదవండి.

ఉగాదికి మన సంఘం డబ్బుతో కొని పిల్లలకు పంచిన పుస్తకం గురించే ఈ మాట. చందమామ మాంత్రికుల సీరియళ్ళకు తోడు పుస్తకం అన్నారు. అట్ట నిగనిగలాడుతోంది. లోపల ఒక్కో కథను నాలుగు పేరాలకు కుదించి, కంప్యూటర్ బొమ్మలు పెట్టారు. ఏ సీరియల్ ఎప్పుడు వచ్చిందో లేదు. రాసినవాడి పేరు ఒక్క పేజీలోనూ లేదు. ఇప్పుడు ఇంకో వంద కొందామంటున్నారు. మేము వద్దంటున్నాం.

కోయంబత్తూరు, మధురైలలో మా వయసువాళ్ళకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. అందుకే తెలుగువాళ్ళు రాతిరథం, మాయాసరోవరం అని చదివిన కథలు మాకు అంబులిమామలో తమిళంలో దొరికాయి. పగలు తమిళంలో చదివి, రాత్రి అవ్వకు తెలుగులో చెప్పేవాళ్ళం. అవి పుట్టుకతోనే తెలుగు కథలని మాకు ఎవరూ చెప్పలేదు.

నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. తెలుగుతోపాటు తమిళమూ అప్పుడే వచ్చింది. సీరియళ్ళకు రచయిత పేరు వేసేవారు కాదు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి భల్లూకమాంత్రికుడు దాకా పన్నెండు సీరియళ్ళు రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1952లో ఆ పత్రికలో చేరి అక్కడే తల నెరిసిన మనిషి. ఏకాక్షికి, చతుర్నేత్రుడికి రూపం ఇచ్చినవారు చిత్ర గారు. ఇదంతా జరిగింది మన రాష్ట్రంలోనే. దాసరి గారు 2010 జనవరిలో పోయారు. అప్పటిదాకా మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

"పత్రికే పేరు వేయలేదు, వీళ్ళననడం దేనికి?" అని ఒక తమ్ముడు అడిగాడు. పత్రికకు అప్పట్లో దాని పద్ధతి ఉండింది. తోడు పుస్తకం పనే పత్రిక చెప్పనిది చెప్పడం. కథ కావాలంటే అసలు సీరియళ్ళే పుస్తకాలుగా వచ్చాయి, అవే కొనవచ్చు. కుదించిన కథకు డబ్బెందుకు పెట్టాలి?

మేము రైల్వేలో పార్సిల్ ఆఫీసు గుమాస్తాగా పనిచేసినవాళ్ళం. పంపినవాడి పేరు లేకుండా ఒక్క బుట్ట కూడా బుక్ చేయలేదు. పొరపాటు జరిగితే సరుకు ఎవరికి తిరిగి చేరాలి? ఈ పుస్తకం అలాంటి బుట్టే.

"పిల్లల బొమ్మల పుస్తకానికి ఇంత రచ్చా?" అనేవాళ్ళకు ఒక మాట. పక్కింటి మనవడు ఆ పుస్తకం పట్టుకొచ్చి, "తాతా, ఇది తమిళ కథకు తెలుగు అనువాదమా?" అని అడిగాడు. వాడి తప్పేముంది? వాళ్ళ నాయన అంబులిమామలో చదివాడు, పుస్తకంలో వేరే సంగతి లేదు. మన భాష మన ఇంట్లోనే అరువు సొమ్ములా కనిపించింది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాని మీద మాకు కోపం లేదు. అమ్మ పేరు దాచడం మీదే కోపం.

కాబట్టి వచ్చే సమావేశంలో మేము అడిగేది ఇదే. దాసరి గారి గురించి, చిత్ర గారి గురించి, పన్నెండు సీరియళ్ళ వరస గురించి రెండు పేజీలు తెలుగులో, పక్కనే తమిళంలో చేర్చమని ఆ ప్రచురణకర్తకు రాయండి. చేరిస్తే వంద కాదు, రెండు వందలు కొందాం. చేర్చకపోతే ఆ డబ్బుతో అసలు సీరియళ్ళే కొని పంచుదాం. ఒప్పుకోనివాళ్ళు కిందనే రాయండి, జవాబు చెప్తాం.