గడ్డిమందుకు చావని పత్తి – చట్టానికి చిక్కేదెవరు?

1997లో 'గట్టాకా' అని ఒక ఇంగ్లీషు సినిమా వచ్చింది. పుట్టకముందే జన్యువులను ఏరి పిల్లల్ని కనే కాలం కథ అది. జన్యువులను బట్టి మనిషిని తక్కువ చేయరాదని ఆ లోకంలో చట్టం ఉంటుంది. కానీ ఉద్యోగానికి వచ్చినవాడు తాకిన తలుపు పిడి నుంచే నమూనా తీసి, వాడి పుట్టుక చూసి వెనక్కి పంపుతారు. చట్టాన్ని ఎవరూ లెక్కచేయరు. పుట్టుకతో మనిషిని కొలవడం, చట్టం కాగితం మీదనే ఉండడం మనకు సినిమా చూసి తెలుసుకోవలసిన సంగతి కాదు.

జన్యువుల చట్టం మన పత్తి చేన్ల మీద కూడా ఉంది. పర్యావరణ చట్టం కింద 1989లో చేసిన నిబంధనల ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా జన్యువు మార్చిన విత్తనం నాటరాదు. 2001లో గుజరాత్‌లో అనుమతి లేని బీటీ పత్తి బయటపడితే పీకి కాల్చమన్నారు. ఆ ఆదేశం సరిగా అమలే కాలేదు. 2002 మార్చిలో మరో కంపెనీ బీటీకి అనుమతి ఇచ్చారు. ఇప్పుడు గడ్డిమందు కొట్టినా చావని పత్తి వంతు వచ్చింది. ఊళ్ళల్లో దాన్ని 'బీటీ-3' అంటారు. దానికి అనుమతి లేదు. అయినా 2019 జూన్‌లో మహారాష్ట్ర అకోలా జిల్లాలో రైతులు అందరూ చూస్తుండగానే నాటారు.

మన దిక్కు రోహిణి కార్తె రాగానే తనిఖీలు మొదలవుతాయి. కర్ణాటక సరిహద్దు పక్కనే కదా! చిక్కేది ఎక్కువగా సంచి మోసే మనిషి. 2017 నుంచి నకిలీ విత్తనాలు అమ్మేవారిపై తెలంగాణలో పీడీ చట్టం కూడా పెట్టవచ్చు. పెట్టనీ. కానీ విత్తనం సంచిలో పుట్టదు. ఎవరి చేనులోనో నెలల తరబడి పెరిగి, ఏదో మిల్లులో జిన్నింగు అయ్యే వస్తుంది. ఆకు నలిపి పట్టీ ముంచితే నిమిషాల్లో తేలిపోయే పరీక్ష ఉంది. దాన్ని పూత మీదున్న విత్తన చేన్లలో, మిల్లుల్లో చేస్తే విత్తనం రోడ్డెక్కే పనే ఉండదు. లూజు విత్తనానికి బిల్లు ఉండదు. మొలవకపోతే కౌలు రైతుకు నష్టపరిహారం అడిగే దారి కూడా ఉండదు.

కలుపుకు మనుషులు దొరకడం లేదని రైతు అనేది అబద్ధం కాదు. అయితే మా అమ్మలు కలుపు తీసిన కూలితోనే మేము పీజీ దాకా వచ్చాం. గడ్డిమందు వస్తే మొదట పోయేది వాళ్ళ కూలి. ఈ మాట వాళ్ళను ఎవరూ అడగలేదు.

2010లో బీటీ వంకాయ మీద కేంద్ర మంత్రి హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణ పెట్టి, తర్వాతనే దాన్ని ఆపారు. ఈ పత్తి మీద అలాంటి విచారణ నారాయణపేటలో పెట్టాలి. అదీ కలుపు పనులు లేని నెలలో పెట్టాలి, మా అమ్మలు కూలి పోగొట్టుకోకుండా వచ్చి కూర్చునేటట్టు.